సొరబుర్ర బండి

ఫిబ్రవరి 2, ఆదివారం

రోత. ఏవగింపు. వెగటు.

చర్చి బీరువాలో అట్ట ఊడిన నిఘంటువు దొరికినప్పటి నుంచి రోజుకు మూడు మాటలు రాసుకుంటున్నాను. ఇవాళ్టివి మూడూ దగ్గరి చుట్టాలే అయినా ఒకటి కాదు. వెగటు నాలుకకు పుడుతుంది, రోత ముక్కుకు, ఏవగింపు మనసుకు. ఇది పుస్తకంలో లేదు. నేనే తేల్చుకున్నాను.

రోత ఎందుకంటే, కాలిన పైపు. క్రాంతికుమార్ వాళ్ల వరండాలో పొద్దున పది నుంచి నాలుగు దాకా పీవీసీ పైపును స్టవ్ మీద కాచి, చీల్చి, రేకులా వంచి బండికి బాడీ చేశాం. ఆ పొగ ఇంకా గొంతులో ఉంది. తలస్నానం చేసినా జడలో ఉంది. ఇంత చేస్తే బాడీ ఒక్కటే తొమ్మిది వందల గ్రాములు తూగింది. మొదటి రాయి ఎక్కగానే బండి వెల్లకిలా పడి నాలుగు చక్రాలూ గాల్లో తిప్పుకుంటూ ఉండిపోయింది, మందు కొట్టిన బొద్దింకలాగా.

క్రాంతి వాళ్ల అమ్మ గడప మీద నిలబడి ముక్కు మూసుకుంది. "ఇంత పెద్దోళ్లయి రిమోటు కారుతోని ఆడుతుండ్రు. ఇల్లంత కంపు."

"ఇది ఉరికే కారు కాదమ్మా. రాళ్లెక్కే బండి. క్రాలర్ అంటరు. మెల్లగ పాకుతది," అన్నాడు క్రాంతి.

"పాకుతుందా అది? పండుకున్నది."

మార్చి ఎనిమిదిన ఖమ్మంలో పాలిటెక్నిక్‌ల మధ్య పోటీ. చాసిస్, మోటారు, రిమోట్ కొనుక్కోవచ్చు. బాడీ మాత్రం చుట్టుపక్కల దొరికే వస్తువుతో చేత్తో చెయ్యాలి. దాని మీద రెండు పేజీలు రాయాలి. రాసేది నేను. అందుకే నన్ను జట్టులో పెట్టుకున్నామని క్రాంతి అందరికీ చెప్తాడు. వైరింగ్ మొత్తం నేను చేసిన సంగతి చెప్పడు.

ఇంటికొచ్చేసరికి తీగ మీద నా తెల్ల చున్నీ మాసిన పిల్లిలా ఉంది. గాలి ఇటు తిరిగిన రోజు కాలనీలో అందరి బట్టలూ అంతే. కరెంటు ప్లాంటు బూడిద. పుట్టినప్పటి నుంచి దులుపుతూనే ఉన్నాను. కిటికీ దులుపు, మంచం దులుపు, బైబిల్ అట్ట దులుపు. మూడు మాటల్లో ఇది ఏవగింపు.

ఫిబ్రవరి 5

కార్డుబోర్డు బాడీ. నీళ్ల గుంటలో దించితే నానిన బ్రెడ్డులా ఉబ్బింది.

ఫిబ్రవరి 6

జట్టులో మూడోవాడు బాలకృష్ణ. హాస్టల్లో ఉంటాడు, ఊరు చర్ల అవతల అడవిలో. బండి స్ప్రింగులూ, రాళ్ల మీద నడపడమూ వాడి పని. వారానికి పది మాటలు మాట్లాడతాడు. ఇవాళ ఒకేసారి అన్నీ వాడేశాడు.

"మా అవ్వ దగ్గర సొరబుర్రలుంటయి. ఎండిన సొరకాయలు. నీళ్లు పోసుకుంటం, కల్లు పోసుకుంటం. కింద పడ్డా పగలవు. బరువుండవు."

క్రాంతి "ఇన్ని దినాలు ఈ ముక్క నోట్లేసుకొని కూసున్నవారా?" అన్నాడు.

ఫిబ్రవరి 9, ఆదివారం

చర్చి మానేసి వెళ్లాను. అమ్మకు కాలేజీ పని అని చెప్పాను. అబద్ధం కాదు.

భద్రాచలం దాటాక ముందు సీట్లో పాప కిటికీలోంచి కక్కితే గాలికి సగం నా మోచేతి మీదే పడింది. చర్లలో దిగి ఆటో, ఆటో దిగి నడక. దారిలో పోలీసు క్యాంపు దగ్గర బ్యాగు విప్పమన్నారు. వైర్లు, బ్యాటరీ, మోటారు బల్ల మీద పరిచారు.

"ఏంది ఇది?"

"రిమోట్ బండి సార్," అన్నాడు క్రాంతి.

"ఎవరిది?"

ముగ్గురం ఒకేసారి మాదే అన్నాం. అయినా క్రాంతినీ నన్నూ నీడలో కూర్చోమని బాలకృష్ణను మాత్రం నిలబెట్టి గంటసేపు అడిగారు. ఊరు, తండ్రి పేరు, ఎవరెవరిని కలుస్తావు. చివరికి క్రాంతి బండిని ఇసుక మూట మీదికి ఎక్కించి చూపిస్తే నవ్వి పంపారు. బాలకృష్ణ వైర్లు ఒక్కొక్కటే చుట్టి సర్దుకున్నాడు.

"ఎప్పుడొచ్చినా గింతేనా?" అని అడిగాను.

"బండి లేకపోతే జల్దీ అయిపోతది."

వాళ్ల అవ్వ పేరు రామక్క. ఇంట్లో కోయ మాట్లాడతారు. అవ్వకు సంతలో బేరానికి పనికొచ్చే తెలుగు మాత్రం వస్తుంది, మిగతాది బాలకృష్ణ అటూ ఇటూ చేరవేస్తాడు. మా కోసం కొత్త సొరబుర్రలు నాలుగు తెచ్చి ముందు పెట్టింది. క్రాంతి వేలితో కొట్టి చూశాడు. పలచన. వాడి కళ్లు పైకి పోయాయి. పొయ్యి మీద దూలానికి ఒక బుర్ర వేలాడుతోంది. ఏళ్ల తరబడి పొగ తాగి నల్లగా, నిగనిగలాడుతూ. నిగనిగ అన్న మాట ఇన్నాళ్లూ చదివానే కానీ చూడలేదు.

"అది కావాలె," అన్నాడు క్రాంతి.

"అది విత్తనాల బుర్ర. ఇంకోటి చూసుకో."

"విత్తనాలు కుండల పోస్తే ఏమైతది? అడుగు ఒకసారి."

బాలకృష్ణ నా వైపు చూశాడు. నేనూ "అడుగు" అన్నాను.

అడిగాడు. అవ్వ చాలాసేపు బుర్రనే చూసింది. తర్వాత మనవణ్ని ఏదో అడిగింది. చదువు పనేనా అని అడుగుతోందట. వాడు అవ్ అన్నాడు. అవ్వ లేచి తాడు విప్పింది. నిండా కందులు. అవ్వ అత్తగారి నాటి కందులని, గుట్ట వాలులో ఇవి తప్ప వేరేవి నిలబడవని బాలకృష్ణ చెప్పాడు. ఇంకో మూడు ఇళ్లవాళ్లు కూడా ఈ బుర్రలోంచే తీసుకుపోతారట.

అవ్వ నాకు కుండ చూపించింది. "ఎట్లున్నయో అట్లే పొయ్యమంటుంది," అన్నాడు బాలకృష్ణ. "బూడిదతోని సహా. మూతికి మట్టి పెట్టమంటుంది."

వాళ్లిద్దరూ బండి నడపడానికి వాగుకు పోయారు. అవ్వ నీళ్లకు పోయింది.

బుర్ర వంచగానే బూడిద లేచింది. ముక్కులో, పెదవుల మీద, కనురెప్పల మీద. అడవి మధ్యకు వచ్చినా ఇదే. గింజలు కనిపించనంత బూడిద. ఏటా భూమిలో వేసేవి, మనుషులు తినేవి, ఇంత మురికిలో ఎలా దాచిపెడతారో. చాట గోడకు ఆనించి ఉంది. రెండుసార్లు చెరిగాను. తర్వాత చున్నీతో గుప్పెడు గుప్పెడుగా తుడిచాను. నూనె రాసినట్టు మెరిశాయి, ఎర్రగా, చిన్న చిన్న మచ్చలతో. కుండ కూడా లోపల తుడిచి గింజలు పోసి మూతికి మట్టి మెత్తాను. బూడిద దొడ్డి వెనక పారబోశాను.

ఎవరికీ చెప్పలేదు. చేసిన మంచి చెప్పుకుంటే చవకైపోతుంది.

ఫిబ్రవరి 12

హాక్సా బ్లేడుతో బుర్రను నిలువుగా కోశాం. లోపల ఎండిన పీచు, పాత పొగ వాసన. చనిపోయిన గది వాసన అని రాయబోయి కొట్టేశాను. గది చనిపోదు.

సగం బుర్ర బోర్లిస్తే బండికి అచ్చంగా పైకప్పు. రెండు వందల డెబ్భై గ్రాములు. ముందు వెదురు బంపరు, చక్రాల మీద పాత హవాయి చెప్పుల రబ్బరు, పక్కలకు సైకిల్ పుల్లలు. వర్క్‌షాపు వెనక రాళ్ల గుట్ట మీద పాకించాం. పడలేదు. పక్కకు ఒరిగి, బుర్ర రాయికి తగిలి, బంతిలా తన్నుకొని మళ్లీ నిలబడింది. బాలకృష్ణ నవ్వాడు. వాడికి ముందు పన్ను కొంచెం విరిగి ఉంటుందని ఇవాళే చూశాను.

ఫిబ్రవరి 21

రెండు పేజీలు పూర్తి. వర్క్‌షాపు చూసే జయరాజ్ సార్ టీ సాసర్‌లో పోసుకొని జుర్రుతూ చదివారు. ఒక చుక్క నా మొదటి పేరా మీద పడింది. వేలితో తుడిస్తే ఇంకా పాకింది. ఆ వేలు నాకారు.

"మంచిగుందమ్మా. కానీ వాళ్ల విత్తనాల బుర్ర గుంజుకొచ్చినట్టుంది. జడ్జీలకు గట్ల కొట్టొద్దు. మనమే వాళ్లకేదో చేసినట్టుండాలె. విత్తనాలు ఏం చేసిండ్రు?"

కుండలో పోశామని చెప్పాను. శుభ్రం చేసి పోశానని కూడా చెప్పాను.

"ఇంకేంది మరి. అదే రాయి."

రాశాను. "ఆ కుటుంబపు విత్తనాలను శాస్త్రీయంగా శుభ్రపరిచి తిరిగి అందజేశాం." 'శాస్త్రీయంగా' అని పెట్టగానే వాక్యం నిటారుగా నిలబడింది. పది సార్లు చదువుకున్నాను. మిగతా ఇద్దరినీ చదవమంటే, "నువ్వు రాసినవ్ గదా, చాలు," అన్నాడు బాలకృష్ణ.

మార్చి 8, శనివారం

మొదటి బహుమతి.

ఖమ్మంలో ఎండ అప్పుడే మండుతోంది. తడి రాయి దగ్గర పదకొండు బళ్లు జారిపడ్డాయి. మాది రెండుసార్లు జారి మూడోసారి ఎక్కింది. బాలకృష్ణ రిమోట్ పట్టుకొని ఊపిరి కూడా తీసుకోలేదు. బహుమతి ఇచ్చేముందు జడ్జి మైకులో నా వాక్యం చదివారు. శాస్త్రీయంగా శుభ్రపరిచి అన్నచోట చప్పట్లు. నా మాటలు స్పీకర్లోంచి వచ్చి గోడకు తగిలి మళ్లీ నాకే వినిపించాయి. అలాంటిది ఎప్పుడూ ఎరగను.

భోజనంలో బిర్యానీ. ముద్దలో పొడుగాటి వెంట్రుక. అది లాగుతూ పోతే వస్తూనే ఉంది.

తిరుగు బస్సులో బాలకృష్ణ అడిగాడు. "శుభ్రం జేసినం అని చదివిండ్రు. ఏం జేసినం మనం?"

"ఊకెనే రాసిన. మంచిగుంటదని."

ఎందుకలా అన్నానో తెలియదు. దాచాల్సింది ఏమీ లేదు. రాష్ట్ర పోటీ జూన్ 21న హైదరాబాద్‌లో.

మార్చి 9

దాచాల్సింది ఏమీ లేదు. అవ్వ కుండ విప్పినప్పుడు సంతోషిస్తుంది.

ఏప్రిల్ 3

ఉగాదికి ఇంటికి పోయిన బాలకృష్ణ ఇవాళ వచ్చాడు. వర్క్‌షాపులో జేబులోంచి కాగితం పొట్లం తీసి బల్ల మీద విప్పాడు. కందులు. ప్రతి గింజకూ గుండ్రటి కన్నం. కొన్నిటికి రెండు. పొట్లం అడుగున పిండి. ఆ పిండిలో గోధుమరంగు పురుగులు నడుస్తున్నాయి, ఒకటి ఒక గింజలోంచి వెనక్కు వెనక్కు బయటికి వస్తోంది.

బయటికి పోయి కుళాయి దగ్గర నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి ఇంకా చెప్తూనే ఉన్నాడు, క్రాంతికి.

"మొత్తం గింతే. కుండ విప్పితే పిండే ఉన్నది. బుర్రల ఉన్నన్ని ఏండ్లు ఒక్క గింజ పోలేదు. నాయిన అడిగిండు, పట్నపోళ్లతోని ఆడుకునేతందుకు బుర్ర అడుగుడెందుకురా అని. నాతోని మాట్లాడుతలేడు. అవ్వ తిట్టలేదు. తిడితే మంచిగుండు. విత్తనాల పండుగ నాడు ఏం పెడతవ్ అని ఊళ్లె అడుగుతుండ్రంట."

"షాపుల కొంటే అయిపోదా?" అన్నాడు క్రాంతి.

"షాపువి గుట్ట మీద నిలవయి."

పొట్లం మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎందుకు దాస్తున్నాడో. పురుగులు చొక్కాలోకి పాకవా.

ఏప్రిల్ 4

కుండ వల్ల అయి ఉంటుంది. కుండ నాది కాదు.

ఏప్రిల్ 5

కందులకు పురుగు ఎక్కడైనా పడుతుంది. మా ఇంట్లో కందిపప్పుకూ పడుతుంది.

ఏప్రిల్ 9

కాలేజీ లైబ్రరీలో పాత వ్యవసాయ పత్రిక. పప్పుగింజల నిల్వ. నాలుగు లైన్లే ఉన్నాయి. గింజల మధ్య సందులన్నీ బూడిద నింపేస్తే పురుగు కదలలేదు, గుడ్డు పెట్టలేదు. అందుకే కొన్నిచోట్ల బూడిద కలిపి దాస్తారు. ఏడుసార్లు చదివాను. అందులో ఒక్క కష్టమైన మాట కూడా లేదు.

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే

చర్చిలో మూడు గంటలు మోకాళ్ల మీదే ఉన్నాను. దేవునికి అంతా చెప్పాను. మంచి మాటలతో చెప్పాను, కన్నీళ్లు వచ్చాయి. బయటికి వస్తుంటే ఒళ్లు తేలికైంది. చెప్పాల్సినవాడికి చెప్పేశాను కనుక ఇక మనుషులకు చెప్పాల్సిన పని లేదనిపించింది.

ఏప్రిల్ 21

బాలకృష్ణ ఈస్టర్ సెలవులకు ఇంటికి పోలేదు. హాస్టల్లో వంట లేదు. మా ఇంటికి రమ్మంటే వచ్చాడు, అమ్మ కోడికూర వడ్డించింది. "మహిమ మంచిగ చూసుకుంటది ఆంటీ, వైరింగ్ దగ్గర తప్పు పోనియ్యది," అని అమ్మతో అన్నాడు. నా పళ్లెం తీసుకుపోయి పిల్లికి వేశాను.

మే 11

రాష్ట్ర పోటీకి రంగు కావాలని క్రాంతి బుర్రను ఉప్పుకాగితంతో గీకాడు. నలుపంతా పొట్టు పొట్టుగా రాలింది. కింద చర్మం రోగం వచ్చినట్టు పాలిపోయి ఉంది. దాని మీద ఆకుపచ్చ స్ప్రే. పక్కన పులి బొమ్మ స్టిక్కరు.

"ఎట్లుంది?" అని అడిగాడు.

"రోత."

"నీకేదీ నచ్చది."

నిజమే. ఈ మధ్య ఏదీ నచ్చడం లేదు. సార్ నవ్వు, క్యాంటీన్ బల్ల, నా చేతిరాత. ముఖ్యంగా చేతిరాత. గుండ్రంగా, బుద్ధిమంతురాలిలా.

మే 30

పరీక్షలు అయిపోయాయి. చివరి రోజు హాల్లోంచి బయటికి వస్తూ బాలకృష్ణ, ఈసారి పండుగకు ఇంటికి పోనన్నాడు. జూన్ మధ్యలో వాళ్ల ఊళ్లో విత్తనాల పండుగ. అది కాకముందు ఎవరూ గింజ వెయ్యరు. "ఉత్త చేతులతోని పోయి ఏం జేస్త? అందరు నన్నే చూస్తరు."

సాయంత్రం అమ్మకు చెప్పేశాను. అమ్మ దవాఖానాలో ఆయా. అప్పుడే డ్యూటీ దిగి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. పూర్తిగా విన్నది.

"ఏప్రిల్‌ల తెలిసిందా నీకు?"

"అవ్."

"ఆ పిలగాడు మనింట్ల తిన్న దినం తెలుసా?"

"తెలుసు. దేవునికి చెప్పుకున్నమ్మా. ప్రార్థన చేసిన."

అమ్మ చెంబు కింద పెట్టింది. "దేవుని కందులా అవి? నాకెందుకు చెప్తున్నవే. పోయి ఆ ముసలామెకు చెప్పు."

"వాళ్లు నన్నేమనుకుంటరు?"

"నీ గురించే అడుగుతున్నవ్ ఇంక." కాళ్లు తుడుచుకొని లోపలికి పోయింది.

జూన్ 8, ఆదివారం

అవ్వను చూడాలని ఉందంటే బాలకృష్ణ నమ్మాడు. నాతో రావడానికి ఒప్పుకున్నాడు. నేను వస్తున్నందుకు వాడు సంతోషించడమే దారి పొడవునా నాకు కంపరం. పేజీన్నర రాసుకొని పోయాను. పశ్చాత్తాపం, అజ్ఞానం, క్షంతవ్యురాలను. బస్సులో రెండుసార్లు సరిదిద్దాను కూడా.

రామక్క అవ్వ వాకిట్లో రాయితో ఇప్పగింజలు కొడుతోంది. నేను ఎదురుగా గొంతుకూర్చున్నాను.

"బాలకృష్ణా, నేను చెప్పేది అవ్వకు చెప్పు. ఏం మార్చకు."

"ఏందో చెప్పు."

"ఆ దినం కందులు కుండల పోసింది నేను."

చెప్పాడు. అవ్వ తల ఊపింది. అది ఆమెకు తెలిసిందే.

"బూడిద మొత్తం చెరిగి పారబోసిన. గింజలు చున్నీతోని తుడిచిన. అందుకే పురుగు పట్టింది."

వాడు నోరు తెరిచాడు కానీ అవ్వ వైపు తిరగలేదు. నా వైపే ఉండిపోయాడు.

"ఎప్పుడు?"

"మీరు వాగుకు పోయినప్పుడు."

"బస్సుల అడిగితే ఊకెనే రాసిన అన్నవ్."

"అబద్ధం చెప్పిన."

"పుచ్చుగింజలు తెచ్చి నీ ముంగట పెట్టిన."

"అవ్."

"రెండు నెల్ల సంది మా నాయిన నా మొఖం చూస్తలేడు మహిమా."

అవ్వ రాయి ఆపి ఏదో అడిగింది. మళ్లీ అడిగింది. అప్పుడు చెప్పాడు, నేల చూస్తూ, నాలుగైదు మాటల్లో. నా పేజీన్నర బ్యాగులోనే ఉండిపోయింది.

అవ్వ లేచి లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. వాడికి ఇచ్చింది. వాడు తాగేదాకా పక్కనే నిలబడి వీపు మీద చెయ్యి వేసింది. నాకు నీళ్లు ఇవ్వలేదు. తర్వాత కూర్చొని నన్ను అడిగింది, వాడు చేరవేశాడు. గొంతు మాత్రం వాడిది కాదు, క్యాంపు దగ్గర జవాబులు చెప్పినప్పటి గొంతు.

"ఎందుకు దులిపినవ్ అంటుంది."

"మురికి అనుకున్న."

అది చెప్పగానే అవ్వ నన్ను కాళ్ల నుంచి తల దాకా చూసింది. రోడ్డు మీద ఏదో తొక్కినప్పుడు చెప్పు వైపు నేను చూసే చూపు అది. ఇంత దాకా అది నేను చూడటమే కానీ, నన్ను ఎవరూ చూడలేదు.

తర్వాత వాళ్లిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. బాలకృష్ణ నా వైపు చూడకుండా చెప్పాడు. వాగు అవతల ఊళ్లో అవ్వ తమ్ముడు దూలయ్య దగ్గర ఇవే కందులు ఉన్నాయి. అవ్వ ఏప్రిల్ నుంచి పోదామనే చూస్తోంది కానీ పోలేకపోయింది. విత్తనం పోగొట్టినవాళ్లే పోయి, ఎట్లా పోయిందో తమ నోటితో చెప్పి అడగాలి. ఇంకొకరిని పంపితే ఇవ్వరు. అవ్వకు ఎట్లా పోయిందో తెలియక, ఏమని చెప్పాలో తెలియక ఆగింది. "ఇప్పుడు పోగొట్టింది ఎవరో తెలిసింది. నడువు."

గంట నడక. అవ్వ ముందు, బాలకృష్ణ తర్వాత, నేను వెనక.

దూలయ్య తాతకు తెలుగు బాగా వచ్చు, ఏటా తల్లాడ వైపు మిరపకోతలకు పోయేవాడట. మంచం నవారు బిగిస్తూ అక్కను చూశాడు, నన్ను చూశాడు.

"ఏం పోగొట్టినవ్ బిడ్డా?"

"అవ్వ విత్తన కందులు."

"వండుకొని తిన్నవా?"

"లేదు తాతా. పురుగు తిన్నది."

"పురుగును ఎవరు పిలిచిండ్రు?"

"నేనే. బూడిద దులిపిన."

నవారు వదిలేసి నవ్వాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "మీ దిక్కు చూసిన బిడ్డా. మిరప మీద మందు కొడతరు, అదే చేతులతోని బువ్వ తింటరు. అది మురికి కాదు. మా పొయ్యిల బూడిద మురికి." నవ్వు ఆగిపోయింది. "అడుగు మరి."

"కందులు ఇయ్యి తాతా."

"ఎవరికి?"

"అవ్వకు."

"తిరిగి ఎవరిస్తరు?"

నేను ఆలోచించేలోపు బాలకృష్ణ ఏదో అనబోయాడు. తాత చెయ్యి ఎత్తి ఆపాడు.

"నేనిస్త," అన్నాను. "పంట వచ్చినంక రెండింతలు."

"పంట దానంతట అది వస్తదా? వేసే దినం ఉండాలె. కలుపు దినం ఉండాలె. కోత దినం ఉండాలె."

"ఉంట."

రెండు సోలలు కొలిచి ఇచ్చాడు. నేను చున్నీ పట్టాను. అవ్వ నా పక్కనుంచి వచ్చి తన కొంగులో పోయించుకుంది.

తిరిగొచ్చాక బాలకృష్ణ నాయిన పగిడయ్య ఇంటి ముందు ఉన్నాడు. అవ్వ రెండు ముక్కల్లో ఏదో చెప్పింది. ఆయన నన్ను చూడలేదు. కొడుకు దగ్గరికి పోయి వాడి భుజం మీది సంచి తీసి తను పట్టుకున్నాడు. నేను అటు తిరిగి నిలబడ్డాను.

జూన్ 13

జయరాజ్ సార్‌కు కొత్త కాగితం ఇచ్చాను. పాత వాక్యం తీసేసి ఇది పెట్టాను: "విత్తనాలను కాపాడే బూడిదను మురికి అనుకొని నేను దులిపేశాను. నాలుగు ఇళ్ల విత్తనం పుచ్చిపోయింది." ఇది రాయడానికి మూడు రోజులు పట్టింది. మొదటి రోజు 'నేను' లేదు.

సార్ పళ్ల సందులో పుల్ల పెట్టుకొని చదివారు. "ఏమ్మా, గెలిచినంక ఒప్పుకోళ్లా? మన చర్చిల చేస్కో. పాతదే పోతది."

"అయితే నా పేరు తీసెయ్యండి సార్."

"పేరు తీస్తే సర్టిఫికెట్ రాదు. తెలుసా?"

తెలుసన్నాను. బాలకృష్ణ నిన్ననే వచ్చి తన పేరు తీయించుకున్నాడట. నాతో చెప్పలేదు. ఏదీ చెప్పడం లేదు.

క్రాంతి బయట ఎదురు చూస్తున్నాడు. "నడుమ నేనేం జేసిన? ఐదు నెల్లు పని చేసిన నేను."

"ఆ బుర్రే కావాలన్నది నువ్వు."

"అడుగు అన్నది నువ్వు."

అది నిజం. వాడు ఒక్కడే పోతాడు. ఆకుపచ్చ బండి చంకలో పెట్టుకొని పోతుంటే పులి స్టిక్కరు ఒక మూల లేచి కొట్టుకుంటోంది. ఆ స్టిక్కరు నాకు ఇప్పటికీ నచ్చలేదు. వాడి మీద మాత్రం కోపం రాలేదు.

జూన్ 21, శనివారం

పండుగ అయి నాలుగు రోజులు. వాన కూడా పడింది. నిన్న సాయంత్రమే అవ్వ ఇంటికి వచ్చాను. ఇవాళ తెల్లారగానే గుట్ట ఎక్కాం.

వాలు నేల బంక పట్టి చెప్పులు ఊడుతున్నాయి. చెప్పులు వదిలేశాను. కాలివేళ్ల మధ్యకు మట్టి చల్లగా, జిగటగా వచ్చింది, పక్కనే ఏదో పొడుగాటి పురుగు మెలికలు తిరిగింది. ఎవరూ చూడకుండా పళ్లు కరుచుకున్నాను.

పగిడయ్య గునపపు కర్రతో గుంట చేస్తూ పోతుంటే వెనక బాలకృష్ణ గింజలు వేస్తున్నాడు. గుంటకు మూడు. నేను అవ్వ ముందు దోసిలి పట్టాను. ఆమె దోసిలి చూసింది, నన్ను చూసింది, ఏదో అంది. బాలకృష్ణ సాలు మీది నుంచి తల తిప్పకుండా తెలుగులో చెప్పాడు.

"నువ్వు గింజ ముట్టొద్దంట. కాళ్లతోని మట్టి కప్పమంటుంది."

చేతులు వెనక్కి పెట్టుకున్నాను. వాడు గింజలు వేసిన గుంటల మీదికి పాదంతో మట్టి తోసి, మెల్లగా అదిమి, ముందుకు పోయాను. మొదట్లో రెండు మూడు చోట్ల కాలు జారింది. తర్వాత పాదాన్ని అడ్డంగా పెట్టడం తెలిసింది. ఈపాటికి హైదరాబాద్‌లో బళ్లు రాళ్లెక్కుతుంటాయి. ఇక్కడ ఫోన్‌కు సిగ్నల్ లేదు.

రెండో సాలు సగంలో బాలకృష్ణ అన్నాడు, "గట్టిగ తొక్కకు. మొలక లెవ్వది." రెండు వారాల్లో వాడు నాతో తనంతట తాను అన్న మాటలు అవే.

మెత్తగా అదిమాను.

మూడు సాళ్లు అయ్యాక అవ్వ నేను కప్పిన వరస వెంట నడుచుకుంటూ వచ్చింది. ఒకచోట ఆగి, కాలి బొటనవేలితో మట్టి తీసి చూసింది. గింజలు మూడూ ఉన్నాయి. మళ్లీ కప్పి, పై సాలు వైపు చెయ్యి చూపించి, తను కింది సాలుకు దిగింది.